యాక్టివ్, పాసివ్: బేస్ గిటార్‌లోని చిన్న స్విచ్‌ను తెలిసి వాడడం

కొన్ని బేస్ గిటార్లలో నాబుల పక్కన ఒక చిన్న స్విచ్ ఉంటుంది. పికప్ నుంచి వచ్చే సిగ్నల్ బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ గుండా వెళ్లాలా, లేక దాన్ని తప్పించుకుని నేరుగా జాక్‌కు చేరాలా అన్నది ఆ స్విచ్ తేలుస్తుంది. మొదటి దారిని యాక్టివ్ అనీ, రెండో దారిని పాసివ్ అనీ అంటారు. తీగలు అవే, పికప్ అదే, వాయించే వేళ్లూ అవే. మారేది పికప్‌కూ కేబుల్‌కూ మధ్య ఉన్న దారి మాత్రమే. అయినా ఈ ఒక్క మార్పుతో ధ్వని బలం, స్వభావం, కేబుల్‌తోనూ యాంప్లిఫయర్‌తోనూ గిటార్‌కు ఉండే పొత్తు మారిపోతాయి. రెండింటిలో ఏది గొప్పదన్న వాదనతో వాయించేవారికి ఒరిగేదేమీ లేదు. ఏ దారి ఏం చేస్తుందో తెలిసి, చెవితో విని ఎంచుకోవడమే అసలు నేర్పు.

పాసివ్ దారిలో జరిగేది

పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి వైరును వేల చుట్లు చుట్టిన కాయిల్. దాని మీద ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం చెదిరి, కాయిల్‌లో కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది. పాసివ్ సర్క్యూట్‌లో ఆ వోల్టేజీకి బయటి నుంచి ఏ శక్తీ తోడు కాదు. అందుకే అందులోని వాల్యూమ్, టోన్ నాబులు ఉన్నదాన్ని తగ్గించగలవే తప్ప లేనిదాన్ని పెంచలేవు. ఫెండర్ తరహా బేస్‌లలో ఈ నాబుల విలువ మామూలుగా 250 కిలోఓమ్‌లు ఉంటుంది. టోన్ నాబ్‌కు 0.047 మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఉండే కెపాసిటర్‌ను కలుపుతారు. నాబ్ తగ్గించేకొద్దీ ట్రెబుల్ ఆ కెపాసిటర్ గుండా గ్రౌండ్‌లోకి పోయి, ధ్వని గుండ్రంగా, మెత్తగా తయారవుతుంది.

పాసివ్ సిగ్నల్‌కు ఇంపీడెన్స్, అంటే విద్యుత్తు ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం, ఎక్కువ. కాబట్టి జాక్ తర్వాత వచ్చే ప్రతి వస్తువూ దాని మీద ప్రభావం చూపుతుంది. వాటిలో మొదటిది కేబుల్. మామూలు గిటార్ కేబుల్‌లో మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. పికప్ కాయిల్, ఈ కెపాసిటెన్స్ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ధ్వనిని కాస్త ఎత్తి, ఆ పైన ఉన్నదాన్ని వేగంగా తగ్గించేస్తాయి. 4 హెన్రీల ఇండక్టెన్స్ ఉన్న పికప్‌కు మొత్తం 500 పికోఫారడ్‌లు తోడైతే ఆ శిఖరం సుమారు 3,560 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. కేబుల్ పొడవు పెరిగి అది 1,200 పికోఫారడ్‌లైతే శిఖరం సుమారు 2,300 హెర్ట్జ్‌కు దిగుతుంది. తీగ మీద వేలు జారిన చప్పుడు, ప్లక్ చేసినప్పుడు వినిపించే చురుకుదనం ఎక్కువగా ఈ ప్రాంతంలోనే ఉంటాయి. అందుకే 3 మీటర్ల కేబుల్‌తో ఇంట్లో స్పష్టంగా మోగిన పాసివ్ బేస్, 10 మీటర్ల కేబుల్‌తో వేదిక మీద కాస్త మందంగా వినిపిస్తుంది. గిటార్‌లో లోపమేమీ లేదు, కేబుల్ కూడా టోన్ సర్క్యూట్‌లో భాగమైపోయింది.

యాక్టివ్ దారిలో జరిగేది

యాక్టివ్ దారిలో పికప్ సిగ్నల్ ముందుగా ప్రీయాంప్‌లోకి వెళుతుంది. ఈ ప్రీయాంప్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, హై ఇంపీడెన్స్ సిగ్నల్‌ను లో ఇంపీడెన్స్‌గా మార్చడం. ఈ మార్పు జరిగాక వేదిక మీద వాడే పొడవుల్లో కేబుల్ టోన్‌ను దాదాపు ఏమీ చేయలేదు. రెండు, బేస్, మిడ్, ట్రెబుల్‌లను తగ్గించడంతో పాటు పెంచడం కూడా. బ్యాటరీ శక్తి ఉంది కాబట్టి 6 డెసిబెల్స్ పెంచితే వోల్టేజీ రెట్టింపు, 12 డెసిబెల్స్ పెంచితే నాలుగింతలు అవుతుంది.

ఈ సౌలభ్యానికి హద్దు కూడా బ్యాటరీయే. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్‌లో సిగ్నల్ ఎంత బాగా ఊగినా పైకి 4.5 వోల్టులు, కిందికి 4.5 వోల్టులు దాటలేదు. గట్టిగా కొట్టిన స్లాప్‌కు పికప్ నుంచి 1 వోల్టు శిఖరం వచ్చిందనుకుంటే, దాన్ని 12 డెసిబెల్స్ పెంచగానే 4 వోల్టులవుతుంది. అంటే అంచుకు వచ్చేసినట్టే. బ్యాటరీ అరిగి 7 వోల్టులకు పడిపోతే ఆ హద్దు 3.5 వోల్టులకు కుంచించుకుపోతుంది, శిఖరాలు తెగి ధ్వని పగులుతుంది. కొన్ని ప్రీయాంప్‌లకు రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 18 వోల్టులు ఇవ్వడం ఈ హద్దును పెంచడానికే. తయారీదారు 18 వోల్టులకు అనుమతించిన సర్క్యూట్‌కు మాత్రమే అలా ఇవ్వాలి.

రెండు దారులూ ఎలా వచ్చాయి

1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్, 1960లో వచ్చిన జాజ్ బేస్ రెండూ పాసివ్ వాద్యాలే. మోటౌన్ సంస్థ రికార్డింగులలో జేమ్స్ జేమర్సన్ వాయించింది పాసివ్ ప్రెసిషన్ బేస్ మీదనే. జాకో పాస్టోరియస్‌కు పేరు తెచ్చిన ఫ్రెట్‌లెస్ వాద్యం కూడా పాసివ్ జాజ్ బేసే. ఇద్దరి ధ్వనికీ పోలికే లేదు. పాసివ్ అంటే ఒకే రకం మెత్తని ధ్వని అన్న అపోహను తీర్చడానికి వీరి రికార్డింగులు పక్కపక్కన వింటే చాలు.

1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని అలెంబిక్ సంస్థ గిటార్‌లోపలే ఎలక్ట్రానిక్స్ అమర్చిన ఖరీదైన బేస్‌లు తయారు చేసింది. స్టాన్లీ క్లార్క్ వాటికి పేరు తెచ్చాడు. 1976లో మ్యూజిక్ మ్యాన్ సంస్థ స్టింగ్‌రే బేస్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దాని రూపకల్పనలోనూ లియో ఫెండర్ చేయి ఉంది. పాసివ్ బేస్‌కు తొలి రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడే పాతికేళ్ల తర్వాత యాక్టివ్ బేస్‌ను పెద్ద ఎత్తున జనంలోకి తెచ్చాడన్నమాట. మరోపక్క మార్కస్ మిల్లర్ తన 1977 నాటి జాజ్ బేస్‌లో న్యూయార్క్‌కు చెందిన గిటార్ తయారీదారు రోజర్ సడౌస్కీ చేత ప్రీయాంప్ పెట్టించుకున్నాడు. పాత పికప్‌కు కొత్త ప్రీయాంప్ జోడించే పద్ధతికి ఆ వాద్యం ఒక నమూనాగా నిలిచింది. రెండు దారులనూ ఒకే గిటార్‌లో ఉంచి, మధ్యలో స్విచ్ పెట్టే ఏర్పాటు ఇప్పుడు చాలా కంపెనీల బేస్‌లలో మామూలైపోయింది.

చేతిలో ఉన్నది ఏ రకం

స్విచ్ గురించి ఆలోచించే ముందు చేతిలోని వాద్యం ఏ రకమో తేల్చుకోవాలి. బ్యాటరీ పెట్టే చోటు లేకపోతే అది పాసివ్ బేస్. బ్యాటరీ ఉండి, స్విచ్ లేకపోతే అది ఎప్పుడూ యాక్టివ్‌గానే పనిచేస్తుంది, బ్యాటరీ అయిపోతే దాని గొంతూ ఆగిపోతుంది. బ్యాటరీ, స్విచ్ రెండూ ఉంటే రెండు దారులూ ఉన్నట్టు. అయితే ప్రతి చిన్న స్విచ్చూ యాక్టివ్, పాసివ్ స్విచ్ కాదు. కొన్ని పికప్ కాయిళ్లను మారుస్తాయి, కొన్ని మిడ్ ఫ్రీక్వెన్సీని మారుస్తాయి. పైకి లాగితే మారే వాల్యూమ్ నాబ్‌లోనూ ఈ స్విచ్ దాగి ఉండవచ్చు. దాన్ని గుర్తుపట్టడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. స్విచ్ ఒకవైపు ఉన్నప్పుడు బేస్, ట్రెబుల్ నాబులు పనిచేసి, రెండోవైపు తిప్పగానే వాటిని ఎంత కదిపినా తేడా రాకపోతే, ఆ రెండోవైపే పాసివ్.

యాక్టివ్ ప్రీయాంప్, యాక్టివ్ పికప్ ఒకటి కాదన్నది కూడా తెలిసి ఉండాలి. మామూలు పికప్ తర్వాత ప్రీయాంప్ ఉంటే దాన్ని తప్పించి పాసివ్‌గా వాడవచ్చు. ఈఎంజీ తరహా యాక్టివ్ పికప్‌లలో చిన్న ప్రీయాంప్ పికప్ లోపలే ఉంటుంది. దానికి బ్యాటరీ లేకుండా పనిచేసే మార్గమే లేదు. అలాంటి గిటార్‌లో స్విచ్ ఉన్నా అది టోన్ నాబుల సర్క్యూట్‌ను మాత్రమే తప్పిస్తుంది.

స్విచ్ మార్చే పద్ధతి

మొదట పాసివ్‌లో మొదలుపెట్టాలి. యాంప్లిఫయర్ మీది బేస్, మిడ్, ట్రెబుల్ నాబులన్నీ నడిమధ్య ఉంచాలి. గిటార్ వాల్యూమ్, టోన్ నాబులు పూర్తిగా తెరవాలి. తర్వాత ఒక చిన్న వరుసను ఎంచుకోవాలి. ఖాళీ ఇ తీగ, దాని పంచమం, పై అష్టకంలోని ఇ, మళ్లీ ఖాళీ తీగ, ఇవి నిదానంగా నాలుగు ఆవర్తాలు. ఖాళీ ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అయిదు తీగల బేస్‌లో బి తీగ 31 హెర్ట్జ్ దగ్గర. ఇంత కింది స్వరాల అసలు బరువును చిన్న స్పీకర్ చూపలేదు. కాబట్టి వీలైతే బ్యాండ్‌తో వాయించే స్పీకర్ మీదనే ఈ పరీక్ష చేయాలి.

పాసివ్ ధ్వని చెవికి బాగా పట్టాక వాల్యూమ్ తగ్గించి, స్విచ్‌ను యాక్టివ్‌కు మార్చి, మళ్లీ వాల్యూమ్ పెంచాలి. వాల్యూమ్ తెరిచి ఉండగా మారిస్తే కొన్ని సర్క్యూట్లలో టప్‌మని పెద్ద శబ్దం వస్తుంది, వేదిక మీద అది స్పీకర్లకు మంచిది కాదు. ఈ దశలో యాక్టివ్ నాబులన్నీ మధ్య గాడిలో ఉండాలి. చాలా నాబులు మధ్యకు రాగానే టిక్కుమని ఆగుతాయి. అలా ఆగని సర్క్యూట్‌లో తేడా లేని స్థానాన్ని చెవితోనే వెతుక్కోవాలి.

ఇక అసలైన మెట్టు, రెండు దారుల బిగ్గరతనాన్ని సమానం చేయడం. చాలా గిటార్లలో యాక్టివ్ కాస్త బిగ్గరగా ఉంటుంది. మనిషి చెవి బిగ్గరగా ఉన్నదాన్ని మంచిదని నమ్మేస్తుంది. ఆ నమ్మకంతో చేసిన ఎంపికలు బ్యాండ్ మధ్యకు వెళ్లగానే తేలిపోతాయి. కొన్ని ప్రీయాంప్ బోర్డుల మీద గెయిన్ సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది. వెనక మూత తీసి, సన్నని స్క్రూడ్రైవర్‌తో దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ, అదే వరుసను రెండు దారుల్లోనూ వాయిస్తూ సమానం చేయాలి. స్క్రూ లేకపోతే యాక్టివ్‌లో వాల్యూమ్ నాబ్ ఎక్కడ ఉంటే సమానమవుతుందో గుర్తుపెట్టుకోవాలి.

సమానమైన తర్వాతే నాబులు కదపాలి. ఒకసారి ఒక్క నాబ్‌నే కదపాలి. ముందు తగ్గించి చూడాలి, అవసరమైతేనే పెంచాలి. గదిలో బొయ్యిమంటూ ఉంటే బేస్ పెంచడం కాదు, తగ్గించడమే మందు. బ్యాండ్‌లో బేస్ వినిపించడం లేదనిపించినప్పుడు చాలామంది బేస్ నాబ్‌నే పెంచుతారు. చాలాసార్లు కొరత ఉన్నది మిడ్‌లో. 400, 800 హెర్ట్జ్ ప్రాంతాల్లో కొద్దిగా పెంచితే స్వరం ఏదో స్పష్టంగా తెలుస్తుంది. బేస్ డ్రమ్, కీబోర్డు ఎడమచేయి ఉన్న చోటునే పెంచితే అందరూ కలిసి ముద్దవుతారు.

ఎక్కడ ఏది

స్లాప్ వాయించేటప్పుడు, పాట మధ్యలో టోన్ మార్చాల్సినప్పుడు, కేబుల్ పొడవుగా ఉన్నప్పుడు, యాంప్లిఫయర్ ఏదో ముందే తెలియని కచేరీల్లో యాక్టివ్ చేతికి అందివస్తుంది. ఫ్లాట్‌వౌండ్ తీగలతో మెత్తని పాటలు వాయించేటప్పుడు, వేలి ఒత్తిడిలోని చిన్న చిన్న తేడాలతోనే భావం పలికించాల్సినప్పుడు పాసివ్ నిండుగా ఉంటుంది. పాత తరహా ఫజ్ పెడళ్లు ముందున్న పికప్ ఇంపీడెన్స్‌తో కలిసి పనిచేసేలా తయారైనవి. వాటి ముందు పాసివ్ సిగ్నల్ ఉంటేనే వాటి సహజమైన ధ్వని వస్తుంది. స్టూడియోలో రెండింటితోనూ ఒక్కో చరణం రికార్డు చేసి, మిగతా వాద్యాలతో కలిపి విని తేల్చుకోవడం మేలు.

బేస్ సిగ్నల్ చేరే చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. బేస్ యాంప్లిఫయర్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ తరచుగా 1 మెగాఓమ్ దాకా ఉంటుంది, అక్కడ పాసివ్ హాయిగా మోగుతుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ చాలాసార్లు 10 కిలోఓమ్‌ల దరిదాపుల్లోనే ఉంటుంది. దానికి పాసివ్ బేస్‌ను నేరుగా కలిపితే బలమూ తగ్గుతుంది, ట్రెబుల్ కూడా చచ్చిపోతుంది. తెలుగు రాష్ట్రాల చర్చి ఆరాధనల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో యాంప్లిఫయర్ లేకుండా బేస్‌ను మిక్సర్‌కే కలపడం తరచూ చూసేదే. అక్కడ గిటార్‌ను యాక్టివ్‌లో పెట్టడమో, మధ్యలో సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే డీఐ బాక్స్ వాడడమో చేయాలి. పాసివ్ గిటార్‌కు హై ఇంపీడెన్స్ ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ, యాక్టివ్ గిటార్‌కు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాగా కుదురుతాయి. యాంప్లిఫయర్ మీద ప్యాడ్ బటన్ ఉంటే అది యాక్టివ్ బేస్‌ల అధిక వోల్టేజీని తగ్గించడానికి. ఇన్‌పుట్‌లో ధ్వని పగలకపోతే దాన్ని నొక్కాల్సిన అవసరం లేదు.

కచేరీ మధ్యలో స్విచ్ మార్చాలనుకుంటే సౌండ్ చెక్‌లోనే రెండు స్థానాలూ మిక్సర్ దగ్గరి ఇంజనీర్‌కు వినిపించాలి. ముందే తెలియకపోతే ఆయన హఠాత్తుగా పెరిగిన బేస్‌ను చూసి ఫేడర్ తగ్గించేస్తారు, మళ్లీ పాసివ్‌కు వచ్చేసరికి బేస్ వినిపించకుండా పోతుంది.

బ్యాటరీ సంగతి

యాక్టివ్ బేస్‌లలో ఎక్కువ భాగం కేబుల్ ప్లగ్ పెట్టగానే బ్యాటరీ సర్క్యూట్ కలిసే విధంగా ఉంటాయి. జాక్‌లో మూడు కొసలుంటాయి. ప్లగ్ లోహం వాటిలో రెండింటిని కలిపి బ్యాటరీ నెగటివ్‌ను గ్రౌండ్‌కు చేరుస్తుంది. అందువల్ల వాయించినా వాయించకపోయినా, ప్లగ్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. చాలా గిటార్లలో పాసివ్‌కు మార్చినా ఈ ఖర్చు ఆగదు. 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ సామర్థ్యం సుమారు 500 మిల్లీయాంపియర్ గంటలు. ప్రీయాంప్ 0.5 మిల్లీయాంపియర్ లాగితే అది లెక్క ప్రకారం 1,000 గంటలు వస్తుంది, రోజుకు రెండు గంటల సాధనకు ఏడాదికి పైగా సరిపోతుంది. ప్లగ్ తీయకుండా వదిలేస్తే అదే బ్యాటరీ ఆరు వారాలు కూడా నిలవదు. వాయించడం ముగియగానే ప్లగ్ తీయడం అలవాటు చేసుకోవడానికి ఈ ఒక్క లెక్క చాలు.

బ్యాటరీ చివరిదశకు వచ్చినప్పుడు మొదట గట్టి స్వరాలు పగులుతాయి, తర్వాత మొత్తం ధ్వని సన్నబడుతుంది. మల్టీమీటర్‌తో కొలిచినప్పుడు 8 వోల్టులకు దిగువన కనిపిస్తే ముఖ్యమైన కచేరీకి కొత్తది వేయాలి. గిటార్ సంచిలో కొత్త బ్యాటరీ ఒకటి, మూత తీయడానికి స్క్రూడ్రైవర్ ఒకటి ఎప్పుడూ ఉండాలి. పాట మధ్యలో ధ్వని పగిలితే పాసివ్‌కు మార్చి పాట పూర్తి చేయవచ్చు. స్విచ్ ఉన్న వాద్యంతో ఉండే పెద్ద ధైర్యం ఇదే. గిటార్‌ను నెలల తరబడి వాడకుండా ఉంచేటప్పుడు బ్యాటరీ తీసి పెట్టాలి. కారిన బ్యాటరీ రసాయనం కాంటాక్టులను తినేస్తుంది.

తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు

యాక్టివ్‌లో మాత్రమే ధ్వని లేకపోతే ముందు బ్యాటరీ, తర్వాత దాని క్లిప్, తర్వాత జాక్ వైర్లు చూడాలి. పాసివ్‌లో మాత్రమే ధ్వని లేకపోతే స్విచ్ దగ్గరి టంకం ఊడి ఉండవచ్చు. రెండింటిలోనూ లేకపోతే మొదట కేబుల్ మార్చి చూడాలి. యాక్టివ్‌లో సన్నని సుయ్యిమనే శబ్దం ఉండి, ట్రెబుల్ తగ్గించగానే పోతే అది ప్రీయాంప్ సహజమైన శబ్దం, ట్రెబుల్ అతిగా పెంచారని అర్థం. గుయ్యిమనే హమ్ రెండింటిలోనూ ఉండి, తీగల మీద చేయి పెట్టగానే తగ్గితే లోపల షీల్డింగ్ తక్కువగా ఉందని అర్థం. చేయి పెట్టినప్పుడు హమ్ పెరిగితే బ్రిడ్జి కిందికి వెళ్లే గ్రౌండ్ వైరు తెగి ఉండవచ్చు. ఫంక్షన్ హాలు ప్లగ్‌పాయింట్‌లో ఎర్తింగ్ సరిగా లేకపోయినా హమ్ వస్తుంది. హమ్ పోగొట్టడానికి యాంప్లిఫయర్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్‌ను ఎన్నడూ తీసేయకూడదు, అది వాయించేవారి ప్రాణానికి రక్షణ.

పాసివ్ బేస్‌ను యాక్టివ్‌గా మార్చాలంటే

పాసివ్ బేస్‌కు ప్రీయాంప్ అమర్చే ముందు పాదాల దగ్గర పెట్టుకునే ప్రీయాంప్ పెడల్‌తో కొన్నాళ్లు వాయించి చూడడం మంచిది. గిటార్‌కు ఒక్క రంధ్రం కూడా పడదు, పెడల్ ఆపితే పాసివ్ ధ్వని యథాతథంగా ఉంటుంది. చాలామంది అవసరం అక్కడితోనే తీరిపోతుంది.

గిటార్‌లోనే అమర్చాలనుకుంటే నాలుగు విషయాలు చూసుకోవాలి. సర్క్యూట్ ఉండే గుంతలో (కావిటీలో) బోర్డుకూ బ్యాటరీకీ చోటుందా? మామూలు మోనో జాక్ తీసి, బ్యాటరీని కలిపే స్టీరియో జాక్ వేయాలి. స్విచ్ రెండు వరుసల, ఆరు కాళ్లది కావాలి. ఒక వరుస సిగ్నల్‌ను ప్రీయాంప్‌లోకి పంపడానికి, మరో వరుస జాక్‌కు వెళ్లే సిగ్నల్‌ను ఎంచుకోవడానికి. ఇక పాసివ్‌లో కూడా టోన్ నాబ్ కావాలంటే దాన్ని స్విచ్‌కు ముందే, పికప్ వైపు కలపాలి. దీనికి తలకిందులుగా, యాక్టివ్ పికప్‌ల గిటార్‌ను మామూలు పికప్‌లకు మారుస్తుంటే 25 కిలోఓమ్‌ల నాబులు తీసి 250 కిలోఓమ్‌లవి వేయాలి. లేకపోతే ఎంత మంచి పికప్ అయినా దుప్పటి కప్పినట్టే మోగుతుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీసి, పాత వైరింగ్‌ను ఫొటో తీసుకోవాలి. టంకం వేయడం అలవాటు లేనివారు గిటార్ రిపేరు తెలిసినవారి చేత చేయించుకోవడం మంచిది. పని పూర్తయ్యాక మూత బిగించకముందే రెండు దారుల్లోనూ ప్రతి నాబ్‌నూ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూడాలి. బ్యాటరీ తీసేసి పాసివ్‌లో ధ్వని వస్తోందో లేదో పరీక్షించాలి. బ్యాటరీ లేకుండానూ పాసివ్ స్పష్టంగా మోగి, బ్యాటరీ పెట్టాక యాక్టివ్ అదే బిగ్గరతనంతో మోగితే పని సరిగా జరిగినట్టు. అప్పుడు మూత బిగించవచ్చు.